14 మంది వంటవాళ్లు, ఖాళీ విస్తరి

దుకాణం ఆయన అబద్ధం ఆడలేదు. "సార్, ఇది రాకెట్ సార్" అన్నాడు. రాకెట్టే. ఎగిరేటప్పుడు రాకెట్ చేసే చప్పుళ్లన్నీ చేస్తోంది.

మా ఇంట్లో ఒక గది ఉంది. గోడలకు పాత పరుపులు ఆనించి, కిటికీకి బొంత కట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. పెళ్లి వీడియోలకు, షార్ట్ ఫిల్ములకు, కార్తీక మాసం వస్తే శివుడికి, ఎన్నికలొస్తే ముందు అడ్వాన్సిచ్చిన పార్టీకి పాటలు కట్టడం నా వృత్తి. ఎనిమిదేళ్లు నోరెత్తకుండా పనిచేసిన పాత కంప్యూటర్‌ను అటకెక్కించి, కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. 14 కోర్లు, 32 జీబీ ర్యామ్, ఆటలాడే కుర్రాళ్లు కలలో చూసే గ్రాఫిక్స్ కార్డు, మీటల కింద బోనాల జాతరను తలపించే రంగు లైట్లు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ప్లే నొక్కాను.

తంబురా మొదలైంది. నాలుగో సెకనులో "టిక్". ఏడో సెకనులో "టక్ టక్". ఫ్లూట్ ఎత్తుకోగానే పోపులో ఆవాలు పేలినట్టు చిటపటలు. పాత డొక్కు మీద ఏ పాటైనా నిక్షేపంగా పలికేది.

మన జనంలో ఒక గట్టి నమ్మకం ఉంది. కంప్యూటర్ తడబడితే ఇంకా పెద్ద కంప్యూటర్ కొనాలి. అదీ తడబడితే, కొన్నది చాలినంత పెద్దది కాదని అర్థం. దుకాణానికి ఫోన్ చేస్తే ఆయన రెండో ఆలోచన లేకుండా "ర్యామ్ 64 చేయిద్దాం సార్" అన్నాడు. ఆయన దగ్గరున్న మందు అదొక్కటే. తలనొప్పికైనా, తేలుకాటుకైనా అదే.

మా బావమరిది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. "ఫార్మాట్ కొట్టు బావా" అన్నాడు, ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా. కుళాయి కారుతోందంటే ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టమనే మేస్త్రీ వాడు.

తర్వాత కేబుల్ మతస్థుడొకాయన వచ్చాడు. బంగారు పూత ఉన్న యూఎస్‌బీ కేబుల్ వేస్తే శబ్దం "ఓపెన్" అవుతుందట. తెగిపోయిన కేబుల్ అయితే మార్చాల్సిందే, కాదనను. కానీ అందులో ప్రవహించేవి అంకెలు. బంగారం మీదుగా వచ్చిన ఒకటి, రాగి మీదుగా వచ్చిన ఒకటి కంటే ఎక్కువేమీ కాదు.

ఇంకో కుర్రాడు 192 వాది. "అన్నా, 192 కిలోహెర్ట్జ్‌లో పెట్టు. క్వాలిటీ పెరిగితే చప్పుళ్లు వాటంతట అవే పోతాయ్" అన్నాడు. మనిషి చెవికి వినపడేది మహా అయితే 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలు కాబట్టే, 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీకి సెకనుకు 44,100 కొలతలు సరిపోయాయి. 48,000 నుంచి 192,000కి ఎగబాకితే చెవికి చేరేది పెద్దగా ఏమీ లేదు గానీ, కంప్యూటర్‌కు మాత్రం నాలుగింతలు చాకిరీ. ఆలస్యంగా నడిచే బస్సుకు ఇంకో నాలుగు స్టాపులు కలిపితే టైముకొస్తుందా?

చివరికి వీడియోల గురువును ఆశ్రయించాను. ఆయన చెప్పిన సెట్టింగులన్నీ ఒకే రాత్రి మార్చేశాను. పొద్దున్నే ఆన్ చేస్తే చిటపటలు పూర్తిగా పోయాయి. పాటతో సహా.

ఇంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది: అసలు ఆ "టిక్" ఎందుకొస్తోంది?

పెళ్లి భోజనాల బంతి ఊహించుకోండి. లోపల గారెలు వేస్తున్నారు, బయట జనం తింటున్నారు. గారెలు ఒక్కొక్కటిగా రావు, వాయిలుగా వస్తాయి. ఒక వాయి తినేలోగా రెండో వాయి విస్తట్లో పడాలి. పడితే బంతి సాఫీగా సాగిపోతుంది. రెప్పపాటు ఆలస్యమైందా, విస్తరి ఖాళీ. ఆ ఖాళీయే మనకు "టిక్" అని వినపడుతుంది.

కంప్యూటర్‌లో ఆ వాయిని బఫర్ అంటారు. బఫర్ 256 అని పెట్టామంటే వాయికి 256 శాంపిళ్లు, అంటే 256 కొలతలు. సెకనుకు 44,100 లెక్కన ఒక వాయి 5.8 మిల్లీసెకన్లలో ఖర్చయిపోతుంది. అంటే సెకనుకు 172 వాయిలు, నాలుగు నిమిషాల పాటకు 41 వేలకు పైగా. మిగతావన్నీ వేళకు వచ్చి ఒక్కటి తప్పినా, వినేవాడు తల తిప్పి చూసేది ఆ ఒక్కదానికే.

వేగం వేరు, వేళ వేరు. మన వంటవాడు గంటకు ఎన్ని వేల గారెలు వేయగలడన్నది వేగం. ఈ వాయి ఇప్పుడు వచ్చిందా లేదా అన్నది వేళ. ల్యాప్‌టాప్ డబ్బా మీద గరిష్ఠ వేగం అచ్చేస్తారు. గరిష్ఠ ఆలస్యం ఏ డబ్బా మీదా చూడలేదు. పరీక్షలు పెట్టి మార్కులు వేసేవాళ్లు కూడా ఎక్కువగా మొత్తం పనికి పట్టిన కాలమే చూస్తారు. పాట మొత్తం మీద సగటున తాళం సరిపోయిందని ఏ మృదంగ విద్వాంసుడికీ శాలువా కప్పరు. శ్రుతి తల్లి, లయ తండ్రి అని చెప్పుకునే జాతి మనది. కంప్యూటర్ కొనేటప్పుడు మాత్రం తండ్రి పేరు అడగం.

14 మంది వంటవాళ్లు ఉన్నారు కదా అంటారా? ఇంటెల్ 2021లో తెచ్చిన 12వ తరం నుంచి చాలా చిప్‌లలో రెండు రకాల కోర్లుంటున్నాయి. నా 14లో ఆరుగురు వస్తాదులు, ఎనిమిది మంది కరెంటు పొదుపు చేసే సహాయకులు. పైగా ఒక ట్రాక్ మీద ఈక్వలైజర్, దాని మీద కంప్రెసర్, దాని మీద రివర్బ్ వరసగా పెట్టాననుకోండి, అవి ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. పప్పు రుబ్బకముందే గారె వేయగల మొనగాడు లేడు. ఆ వరస ఒక్క వంటవాడికి పట్టినంత సేపు పడుతుంది, మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ ఉంటారు.

అసలు గొడవ వంటవాళ్లది కాదు, వంటింట్లోకి చొరబడే చుట్టాలది. వైఫై డ్రైవర్, అంటే వైఫైని నడిపే చిన్న ప్రోగ్రాం, వియ్యంకుడిలాంటివాడు. ఎప్పుడొచ్చినా కాదనడానికి లేదు. గారె నూనెలో ఉండగా వచ్చి "ఇక్కడ సిగ్నల్ ఎలా ఉందోయ్?" అంటాడు. ఆయన కదిలేదాకా వంటవాడు గరిటె పట్టుకుని నిలబడాల్సిందే. డ్రైవర్లకు ఆపరేటింగ్ సిస్టం ఇచ్చిన అధికారం అలాంటిది. సంగీతం ప్రోగ్రాం వాటిని "కాసేపాగండి" అనలేదు. బ్యాటరీ లెక్కచూసే డ్రైవర్ మేనమామ. ఉండుండి వచ్చి "గ్యాసు ఎంతుంది?" అని సిలిండర్ ఎత్తి చూసి వెళ్తాడు. ఇక గ్రాఫిక్స్ కార్డు ఫొటోగ్రాఫరు. "ఆ గారె అలాగే పైకెత్తి పట్టుకోండి, ఒక్క స్టిల్లు!" దుకాణంలో దానికి నేను ప్రత్యేకంగా డబ్బు కట్టాను. గారె రుచికి ఫొటోగ్రాఫరు చేసే మేలెంతో, పాటకు అది చేసే మేలూ అంతే.

వీళ్లందరి మీద పొదుపరి తాతగారొకరు. పవర్ సెట్టింగుల్లో "బ్యాలెన్స్‌డ్" అనే పేరుతో కూర్చుని ఉంటాడు. వాయికీ వాయికీ మధ్య పొయ్యి సిమ్‌లో పెడతాడు. తర్వాతి వాయి పిండి పడ్డాక మంట పెంచుతాడు. నూనె కాగేలోగా బయట విస్తరి ఖాళీ. యూఎస్‌బీ పోర్టును మధ్యమధ్యలో నిద్రపుచ్చేదీ ఈ తాతగారి పొదుపే. సన్నటి ల్యాప్‌టాప్ ఇరుకు వంటిల్లు కాబట్టి వేడెక్కితే వస్తాదులు కూడా నెమ్మదిస్తారు. కొత్త యంత్రమైతే మొదటి వారమంతా అప్‌డేట్లు దించుకోవడం, ఫైళ్లకు పట్టికలు రాసుకోవడం. కొత్తగా అద్దెకు దిగినవాడు సామాను సర్దుకుంటుంటే కింద వాటా వాళ్లకు వినపడే చప్పుళ్లే అవి.

ఈ చుట్టాల్లో దోషి ఎవరో చెప్పడానికి లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం ఉంది. పావుగంట నడవనిస్తే ఏ డ్రైవర్ ఎంతసేపు వంటింటికి అడ్డం నిలబడిందో పేరు పెట్టి చెబుతుంది. కానీ కొలవడంలో మజా లేదు. కొనడంలో ఉంది.

సలహాల మీద విసుగొచ్చి ఒక ఆదివారం పాత వైద్యుడి పద్ధతిలోకి దిగాను. ఒకసారికి ఒక్క మార్పు. బఫర్ 1024 చేశాను. చిటపటలు చాలా వరకు తగ్గాయి. అంటే రోగం గడువుదే. తగ్గకపోతే సెకనుకు కొలతలు ఒకచోట 44,100, ఇంకోచోట 48,000 పెట్టి ఉంచానేమోనని చూసేవాణ్ని. అయితే 1024 అంటే వాయికి 23 మిల్లీసెకన్లు. పాట కలుపుకోవడానికి ఫరవాలేదు గానీ, కీబోర్డు వాయిస్తే వేలు పడ్డాక స్వరం తీరిగ్గా బయల్దేరుతుంది. వాయించేటప్పుడు చిన్న వాయి, మిక్సింగ్‌కు పెద్ద వాయి. ఈ చిన్న ముక్క చెప్పినవాడు లేడు. చెబితే అమ్మడానికేమీ మిగలదు మరి.

తర్వాత డ్రైవర్. మైకునూ స్పీకర్లనూ కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించగానే విండోస్ తనకు తెలిసిన దారిలో శబ్దం పంపిస్తోంది. గారెలు మర్యాదల కమిటీ మీదుగా తిరిగి బంతికి వస్తున్నాయన్నమాట. వంటింటి వెనక గుమ్మంలోంచి నేరుగా వడ్డించడానికే కదా స్టెయిన్‌బర్గ్ వాళ్లు 1997లో ఆసియో అనే పద్ధతి తెచ్చింది. ఇంటర్‌ఫేస్ తయారుచేసినవాళ్ల ఆసియో డ్రైవర్ వేశాను, ఇంకాస్త నయం. మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పోర్టుకు తగిలించాను. తాతగారిని "హై పెర్ఫార్మెన్స్" అని పురమాయించి పక్క గదిలో పడుకోబెట్టాను.

మధ్యలో "గుయ్" మని సన్నగా ఒక మోత కూడా వినిపించింది. అది వేరే రోగం. ఛార్జర్ పీకగానే పోయింది కాబట్టి అది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత, ఎర్తింగ్ సంగతి. ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించుకోవాలి. దానికీ ఒక మహానుభావుడు మందు చెప్పాడు: ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టమని. మోత పోతుంది నిజమే. పోయేవాటి జాబితాలో మనమూ ఉంటాం.

ఇక బఫర్ 256కి దించి లేటెన్సీమాన్ నడిపాను. పట్టికలో అందరికంటే పైన వియ్యంకుడు. వైఫై ఆపేశాను.

నిశ్శబ్దం. తంబురా, ఫ్లూట్, ఎక్కడా ఒక్క ఆవగింజ పేలలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పాత కంప్యూటర్ బిగించిన రోజు ఒక పెద్ద సౌండ్ ఇంజనీరు గారు "దీనికి నెట్టు పెట్టకు అబ్బాయ్" అన్నారు. పెట్టలేదు. ఎనిమిదేళ్లు అది నోరెత్తకపోవడానికి కారణం అదే. ఉచితంగా వచ్చిన సలహా కాబట్టి మర్చిపోయాను. వైఫై ఆపడంలో ఇంకో లాభం కూడా కనిపించింది. చిటపటలతో పాటు సలహాలూ ఆగిపోయాయి.

హాయిగా కళ్లు మూసుకుని పాట మొదటి నుంచి విన్నాను. పల్లవి బాగుంది. మొదటి చరణం బాగుంది. రెండో చరణంలో నా ఎడమ చెయ్యి తాళం కంటే వెనకబడి నడుస్తోంది. ఒకచోట కాదు, నాలుగు చోట్ల. ఇన్నాళ్లూ చిటపటల వెనక దాక్కుంది. ఘంటసాల రోజుల్లో గాయకుడూ వాద్యాలూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు. ఒక్కరు తప్పితే అందరూ మొదటికి రావాల్సిందే. తప్పినవాడెవడో గది మొత్తానికి తెలిసేది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. నా ఖర్మకు నా మద్దెల బాగైపోయింది.

అప్పుడే దుకాణం ఆయన ఫోన్. "సార్, 64 జీబీ ర్యామ్ వచ్చింది. పంపించమంటారా?"

వద్దని చెప్పడానికి నాకు కొంచెం టైము పట్టింది.