దువ్వెన

"బాపూ, ఆ దువ్వెన ఇంట్లో పెట్టి రా. గోల్ఫ్ కోర్సులో బాగుండదు" అన్నాను.

అరిజోనా వచ్చి రెండు నెలలైనా మా బాపు చొక్కా పైజేబులో దువ్వెన లేకుండా గడప దాటలేదు. ఏమీ అనకుండా దాన్ని తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

ఆ ఆదివారం మా మేనేజర్ ఆటకు పిలిచాడు. నలుగురం ఆడతాం, బాపు బండిలో కూర్చుని చూస్తాడు. స్కాట్స్‌డేల్‌కు ఉత్తరాన, కొండల వారగా ఉన్న రిసార్ట్ కోర్సు. గోల్ఫ్ కోర్సంటే కనుచూపు మేర పచ్చిక అనుకుంటాం కదా, ఇక్కడ అలా కాదు. నీళ్ల కరువు ప్రాంతమని ఫీనిక్స్ చుట్టుపక్కల కొత్త కోర్సుల్లో నీరు పెట్టే గడ్డికి 90 ఎకరాల హద్దు పెట్టారు. అందుకే ఎడారిని ఎడారిగానే వదిలేసి, మధ్యలో దీవుల్లా పచ్చిక పెంచుతారు. ఒక దీవి మీంచి ఇంకో దీవి మీదికి బంతిని దాటించాలి. దాటకపోతే రాళ్లపాలు, లేదా ముళ్లపాలు. ఆ ఆటంటే నాకు ప్రాణం. చలికాలం బెర్ముడా గడ్డి నిద్రపోతుంది. దాని మీద చల్లిన రై గడ్డి పొద్దున్నే తడితడిగా మెరుస్తుంది. దాని అంచు దాటి ఒక్క అడుగేస్తే గరుకు మట్టి, మేడంత ఎత్తు సగువారో కాక్టస్‌లు.

"గింత ఎండిన నేలల గింత పచ్చగడ్డా!" అన్నాడు బాపు.

ఏడో హోల్ దగ్గర మేనేజర్ కొట్టిన బంతి కుడివైపు ఎడారిలో పడింది. వెతకడానికి దిగి, చోయా చెట్టుకు మోచెయ్యి రాసుకున్నాడు. చోయాను దూరం నుంచి చూస్తే నూగుతో మెత్తగా, ముద్దొచ్చేలా ఉంటుంది. ఆ నూగంతా ముళ్లే. ఒక్కో ముల్లుకీ కంటికి కనపడని కొక్కేలు. తగిలితే చాలు, కణుపుకు కణుపే తెగి ఒంటికి అంటుకుంటుంది. దూకే చోయా అని పేరు వచ్చింది అందుకే. రెండో చేత్తో లాగితే ఆ చేతికీ పట్టుకుంటుంది. ఆయన అదే చేశాడు. రెండు చేతులూ ఇరుక్కుపోయి కేకలు పెడుతుంటే మేం ముగ్గురం కర్రలు పట్టుకుని నిలబడిపోయాం.

బాపు బండి దిగి వచ్చాడు. జేబులోంచి దువ్వెన తీశాడు. పళ్లను కణుపుకీ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క విసురు విసిరాడు. కణుపు ఎగిరి అంత దూరాన పడింది. ఈ ఎడారిలో నడిచేవాళ్లు ఇందుకోసమే దువ్వెన వెంట ఉంచుకుంటారని నాకు తర్వాత తెలిసింది. బాపుకు ఎవరు చెప్పారు? ఎవరి సంచిలోంచో శ్రావణం ఇప్పించుకుని, మేనేజర్ చెయ్యి తన తొడమీద పెట్టుకుని, బొటనవేలితో చర్మం బిగబట్టి, మిగిలిన ముళ్లను దిగిన వాలునే ఒక్కొక్కటీ పీకాడు. చెయ్యి వణకలేదు.

ఆ చేతులు నాకు తెలుసు. జగిత్యాల పక్కన మా ఊళ్లో, వేపచెట్టు కింద పొది విప్పుకుని నలభై ఏళ్లు ఊరందరికీ గడ్డాలు గీసిన చేతులు. క్షౌరం ఒక్కటే కాదు, కాలికి తుమ్మముల్లు దిగినా, గోరుచుట్టు లేచినా, సెగ్గడ్డ కోయాలన్నా ఊరు ఆయన దగ్గరికే వచ్చేది. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ పొదిలోంచే వచ్చింది. ఆఫీసులో నేను చెప్పింది మాత్రం మా నాన్నది ఊళ్లో వ్యాపారమని. ఆ రోజు ఆడుతున్న వాళ్లలో ఇద్దరు మన తెలుగువాళ్లే. ఆ అబద్ధం అలాంటివాళ్ల కోసమే చెప్పాను.

చివరి ముల్లు వచ్చాక మేనేజర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు.

"మీ నాన్న డాక్టరా?"

ఆ ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"అవును. ఇప్పుడు రిటైరయ్యారు" అన్నాను.

బాపుకు ఇంగ్లీషు రాదు. డాక్టరన్న మాట మాత్రం తెలుసు. చొక్కా అంచుతో దువ్వెన తుడుస్తున్న చెయ్యి ఆగింది. మళ్లీ తుడిచి, జేబులో వేసుకుని, బండెక్కి కూర్చున్నాడు. మిగిలిన పదకొండు హోల్స్ దిగలేదు.

ఇంటికెళ్తుంటే కారులో దువ్వెన తీసి నా ముందు పెట్టాడు.

"ఇగ ఇది నీ దగ్గరుంచు కొడుకా. నా దగ్గరుంటే ఎవలన్న గుర్తువడ్తరు."