నేను కన్ను కొట్టింది సరదాకి కాదు

అట్టపెట్టెలో వెల్లకిలా పడి మాట్లాడుతున్నాను, గొంతు బొంగురుగా ఉంటే ఏమనుకోకండి. పదహారేళ్లు కప్పుకి వేలాడినవాణ్ణి, నేల ఇంకా అలవాటు కాలేదు. టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఒక తెలుగువాళ్లింటి గరాజ్ తలుపు తీసి మూసే యంత్రాన్ని నేను. ఓపెనర్ అంటారు. మూసేదీ నేనే, ఆ పనికి మాత్రం పేరు రాలేదు.

పుట్టుక గురించి చెప్పుకునేంత లేదు. అర హార్స్‌పవర్ మోటారు, సైకిల్‌కి ఉండేలాంటి చైను, దాంతో పాటు అటూ ఇటూ తిరిగే ట్రాలీ, ఒక బల్బు. 2006లో ఇల్లు కట్టినప్పుడు బిగించారు. వంశం మాత్రం పాతదే. సి.జి. జాన్సన్ అనే అమెరికా ఆయన 1921లో పైకి లేచే తలుపు తయారుచేశాడు, 1926లో దానికి కరెంటు మోటారు తగిలించాడు.

మావాళ్లు ఆ ఇల్లు కొన్నది 2014లో. తూర్పు ముఖం కావాలని ఏడాది వెతికి మరీ కొన్నారు. గరాజ్‌లో అడుగుపెట్టిన వారానికే మూలన గ్యాస్ పొయ్యి వెలిసింది. చేపల వేపుడు వాసన లోపల కార్పెట్‌కీ కోట్లకీ పట్టకూడదట. నా కళ్లకి పడితే పరవాలేదన్నమాట.

అవును, నాకు కళ్లున్నాయి. తలుపుకి రెండు పక్కలా, నేలకి ఆరంగుళాలు మించని ఎత్తులో. ఒకటి కనిపించని కిరణం వదులుతుంది, రెండోది అందుకుంటుంది. మా పాతవాళ్లకి ఇవి ఉండేవి కావు. వాళ్ల తలుపుల కింద పసిపిల్లలు నలిగి చనిపోయారు. అందుకే 1993 నుంచి ఇళ్లకోసం తయారయ్యే ఓపెనర్లకి ఇలాంటి కాపలా ఉండి తీరాలని ఈ దేశంలో నియమం పెట్టారు. కిరణానికి ఏదైనా అడ్డొస్తే నేను తలుపు మూయను. సగం దింపినదాన్ని కూడా వెనక్కి ఎత్తేస్తాను. ఎత్తి, బల్బుని పదిసార్లు ఆర్పి వెలిగిస్తాను. ‘కింద ఏదో ఉంది, చూడు బాబూ’ అని దానర్థం.

చూసేవాడేడీ? కన్ను ముందు ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా, దాని మీద పిల్లాడి క్రికెట్ బ్యాటు, చుట్టూ ఇంటిల్లిపాది చెప్పులు. ఇంటి యజమాని, మా అబ్బాయి, రిమోట్ నొక్కుతాడు, నేను కన్ను కొడతాను. ‘మళ్లీ చెడింది వెధవ మెషీన్’ అంటాడు. గోడ మీది బటన్ని వేలు తీయకుండా నొక్కిపట్టి ఉంచితే బలవంతంగా మూసుకుంటానని ఎవరో చెప్పారు. ఇక అదే వైద్యం. కళ్లు మూసుకుని పనిచెయ్యమనడం కాకపోతే ఏమిటది?

చలికాలం పొద్దున ఇంకో తంటా. ఆఫీసు వేళకి సూర్యుడు ఆగ్నేయం నుంచి వాలుగా వచ్చి, కిరణం అందుకునే కంట్లో నేరుగా పొడుస్తాడు. ఆ వెలుగులో నాకు కిరణమే కనిపించదు. వాస్తులో ఆగ్నేయం వంటగదికి మంచిదేమో, నా కంటికి కాదు.

నా బాధ పట్టించుకున్న మనిషి ఒక్కరే. అబ్బాయి వాళ్లమ్మగారు, తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చారు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తూ వంగి చూశారు. ఒక కన్ను మీది పచ్చదీపం మిణుకుమిణుకుమంటోంది. పిల్లాడి సైకిల్ తగిలి దాని రేకు వంగిపోయింది, గాజు మీద వేపుడు జిడ్డు. చీర చెంగుతో తుడిచి, దీపం నిలకడగా వెలిగేదాకా రేకుని వేలితో సర్దారు. ‘కంట్లో నలుసు పెట్టుకుని ఎవరికి మాత్రం కనిపిస్తుందిరా నాయనా’ అన్నారు. ఎండ పడకుండా ఫాయిల్ అట్టగొట్టం ముక్క కోసి కంటికి తొడిగారు. ఆ ఆరు నెలలూ ఎవరూ నన్ను తిట్టలేదు.

ఆవిడ వెళ్లాక మళ్లీ మామూలే. పిల్లాడు గోడ మీది లాక్ బటన్ నొక్కితే, రిమోట్‌కి రెండు బ్యాటరీలు మార్చి, కొత్త రిమోట్ కూడా కొన్నారు. నాలో చవకరకం ఎల్‌ఈడీ బల్బు పెట్టి, రిమోట్ దూరం నుంచి పనిచెయ్యట్లేదని నన్నే అన్నారు. ఆ బల్బు చేసే రేడియో గోలలో నాకు పిలుపు వినబడితే కదా!

2021 ఫిబ్రవరి మంచు తుఫాను మాత్రం మరవలేను. టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు పోయింది. లోపల కారు, బయట మంచు, చీకట్లో అబ్బాయి బటన్ నొక్కుతూనే ఉన్నాడు. చలికి తట్టుకోలేక, మూసిన గరాజ్‌లోనే కారు స్టార్ట్ చేసి హీటర్ వేసుకు కూర్చుందాం అన్నాడు. నాకు నోరు లేదు. ఇంటి కోడలు గట్టిగా అరిచి ఆపింది. ఆ పొగలోని విషవాయువు వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది, ఆ వారమే హ్యూస్టన్‌లో అలా పోయినవాళ్లున్నారు. చివరికి ఫోన్ వెలుగులో నా ట్రాలీకి వేలాడే ఎర్ర తాడు కనిపించింది. ఇల్లు కొన్నప్పటి నుంచీ అది అక్కడే ఉంది. లాగితే తలుపు నన్ను వదిలేస్తుంది, చేత్తో ఎత్తుకోవచ్చు. ఎత్తాడు. కరెంటు వచ్చాక తాడు సంగతి మరిచి బటన్ నొక్కాడు. ట్రాలీ ఒక్కటే పరిగెత్తింది, తలుపు కదల్లేదు. ‘చెడింది’ అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. పదహారడుగుల వెడల్పు, నూటయాభై పౌండ్ల పైన బరువున్న ఆ తలుపుని మోసింది నేను కాదు. దాని పైన, గోడకి బిగించిన స్ప్రింగ్ మోసేది. నేను చెయ్యి పట్టుకు నడిపించేవాణ్ణి, అంతే. మామూలు స్ప్రింగ్ ఆయుష్షు సుమారు పదివేలసార్లు. రోజుకి నాలుగుసార్లు తీస్తే ఏడేళ్లు దాటదు. 2022 డిసెంబరులో ఒక రాత్రి తారాజువ్వ పేలినట్టు శబ్దం. ఇంట్లోవాళ్లు బయట ఎవరో టపాకాయ కాల్చారనుకున్నారు. పొద్దున బటన్ నొక్కారు. నేను మూలిగాను, నాలుగంగుళాలు లేపి ఆగిపోయాను. మళ్లీ నొక్కారు. మళ్లీ. స్ప్రింగ్ మధ్యలో రెండంగుళాల ఖాళీ, తలెత్తితే కనిపించేది. ఏడోసారికి నా లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగి, తెల్లటి పొడి ముగ్గుపిండిలా కారు బానెట్ మీద రాలింది. ఆ తర్వాత మోటారు తిరుగుతూనే ఉంది, చైను మాత్రం కదల్లేదు.

వచ్చిన మెకానిక్ ముందు స్ప్రింగ్ చూపించి, దాన్ని మాత్రం మీరు ముట్టుకోకండి, తిరగబడితే చేతులు పోతాయన్నాడు. తర్వాత నన్ను చూసి, చక్రం మారిస్తే ఇదీ నడుస్తుంది కానీ పాతది కదా, అన్నాడు. ఆ ‘కదా’ దగ్గరే నా పని అయిపోయింది.

పారెయ్యలేదు, మనవాళ్లు పారెయ్యరు. ఎప్పటికైనా పనికొస్తుందని పాత కుక్కరుకీ ఇండియా సూట్‌కేసులకీ మధ్య పెట్టారు. నా చోట ఇప్పుడు బెల్టుతో నడిచే కొత్తవాడు. చప్పుడుండదు, ఫోన్ మాట వింటాడు, కరెంటు పోయినా బ్యాటరీ ఉంది.

నిన్న సాయంత్రం అబ్బాయి బియ్యం తెచ్చి, బస్తా గుమ్మం పక్కన దించాడు. ఫోన్ నొక్కాడు. తలుపు సగం దిగి, మళ్లీ పైకి లేచింది.

‘ఇదీ చెడిందా? వారంటీ కాగితం ఎక్కడ పెట్టావ్?’ అని లోపలికి కేకేశాడు.

పెట్టె మూత సందులోంచి కొత్తవాడి బల్బునే చూస్తూ లెక్కపెట్టాను. పది.