గ్రంథనిర్ణేత

గుంటూరు బ్రాడీపేటలోగాని, విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణములలోగాని, హైదరాబాదు కోఠిలో పాతపుస్తకముల గుట్టల నడుమగాని, చేత సంచియు, కన్నులలో తీరని జిజ్ఞాసయు గలిగి, ఒకే విషయముపై నలుగురు వ్రాసిన నాలుగు గ్రంథములను ముందఱ పఱచుకొని, ఒకదాని పీఠికను మఱొకదాని విషయసూచికతో సరిచూచుకొనుచు, కొట్టువాడు దీపము లార్పువఱకు కదలక నిలువబడియుండు యువకుడొకడు మీకు కనబడినచో, ఆతడు చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షకు ఏ కోచింగునకును పోక స్వయముగా చదువుకొన నిశ్చయించినవాడని తెలిసికొనుడు. లోకము వీనికి పేరేదియు పెట్టలేదు గనుక మనము గ్రంథనిర్ణేత యని పిలుతము. ఈతడు చదువరి కాడు. ఏది చదువవలెనో నిర్ణయించువాడు. ఈ రెండు పనులకును నడుమ గల దూరమును ఆతడింకను దాటలేదు.

చదువదగిన గ్రంథములు దొరకక ఈతడిట్లు తిరుగుచున్నాడని జాలిపడకుడు. 1949 నాటి చట్టముచే వెలసిన ఇన్‌స్టిట్యూటువారు పరీక్ష పెట్టుటయే గాక పాఠ్యగ్రంథములనుగూడ తామే వ్రాయించి, పేరు నమోదు చేయించుకొన్న విద్యార్థులకు అందజేయుదురు. వెబ్‌సైటులో ఉచితముగా నుంచుదురు. ప్రతి పరీక్షకు ముందు రివిజన్ టెస్ట్ పేపర్లను, మాక్ టెస్టులను, పరీక్ష ముగిసిన పిమ్మట సజెస్టెడ్ ఆన్సర్లను ప్రకటింతురు. ప్రశ్న వేయువాడే జవాబు వ్రాయవలసిన తీరు చెప్పుచుండగా వినుటకంటె సుగమమైన మార్గము సామాన్యునకు తోపదు. కాని మన నిర్ణేత సామాన్యుడు కాడు. “అది అందరికీ ఇచ్చేదే కదండీ, అందులో ఏముంటుంది?” అనును. ఇన్‌స్టిట్యూటునుండి వచ్చిన పెట్టె, అంటించిన టేపు అంటించినట్లే యుండగా, వాని యింటి వసారాలో నున్నది. ఎత్తు సరిపోయినదని తల్లి దానిపై ఆవకాయ జాడీ నుంచినది. జాడీ దింపినగాని పెట్టె తెరువరాదు. ఖాళీ యయినగాని జాడీ దింపరాదు. అది ఖాళీ యగుట మే నెలలో కొత్తావకాయ పెట్టునాటికి. మే నెలలో పరీక్ష.

ఆతడు పుస్తకము నెంచు విధానము వర్ణింపదగినది. సంతలో ఎద్దును బేరమాడు రైతు మొదట దాని పండ్లు లెక్కించినట్లు, ఈతడు మొదట పుటల సంఖ్య చూచును. ఎనిమిదివందలున్నచో “ఇంత లావుది రివిజన్‌కి పనికిరాదు” అనును. మూడువందలున్నచో “ఇంత పల్చటిదానిలో కాన్సెప్టు ఎక్కడుంటుంది?” అనును. రంగుల చార్టులున్నచో అది చిన్నపిల్లల పుస్తకము. లేనిచో కంటికి శ్రమ. లెక్కలు అధికముగా నున్న గ్రంథమున సిద్ధాంతము కొఱవడినది. సిద్ధాంతము సమృద్ధిగా నున్న గ్రంథమున లెక్కలు చాలవు. రెండును సమముగా నున్నచో గ్రంథకర్తకు ఒక నిశ్చితాభిప్రాయము లేదు.

“అబ్బాయ్, పోయిన నెల కూడా ఈ పుస్తకమే గంటసేపు చూసి పెట్టేశావు. లోపల పేజీలేం మారలేదు నాయనా” అని ఒక దుకాణదారుడు ఓర్పు చాలక అన్నాడట.

“మారకపోవడమేనండీ దీని లోపం. 2023లో స్కీము మారింది కదా!” అని ఈతడు సమాధానము చెప్పినాడట.

ఆడిటింగ్ స్టాండర్డులలో 500 సంఖ్య గలది, ఆడిటరు తన అభిప్రాయమునకు పూర్వము చాలినదియు తగినదియునగు సాక్ష్యమును సేకరింపవలెనని విధించును. ఆ విధిని ఇంత నిష్ఠతో పాటించిన ఆడిటరు ఈ దేశమున మఱొకడుండునా యని నాకు సందేహము. ఇంతకును ఆతడా స్టాండర్డును చదువలేదు. దానిని ఏ పుస్తకమున చదువవలెనో యింకను తేలలేదు.

ఇక ర్యాంకు వచ్చినవారి సాక్ష్యమొకటి కలదు. ఫలితములు వెలువడిన దినమున లోకమెల్ల ఎవరికి ర్యాంకు వచ్చెనని అడుగగా, ఈతడు ఆ ర్యాంకు ఏ పుస్తకముతో వచ్చెనని అడుగును. ఒక ర్యాంకరు కాస్టింగునకు ఒక గ్రంథమును మెచ్చెను, ఈతడు దానిని తెచ్చెను. మఱొక ర్యాంకరు దానిని తాను ముట్టనే లేదనెను. దానిని అటకకెక్కించి ఆతడు చెప్పినది తెచ్చెను. మూడవది యొక అమ్మాయి, ఇన్‌స్టిట్యూటు మెటీరియల్ తప్ప వేఱొకటి చూడలేదని చెప్పినది. “అసలు రహస్యం బయట పెట్టరండీ” అని మన నిర్ణేత చిఱునవ్వు నవ్వెను. ఆమె చేతివ్రాత నోట్సు నకలు ఒకటి జిరాక్సు దుకాణమున స్పైరల్ బైండింగుతో దొరకునని విని, మఱునాడే పోయి దానిని గూడ తెచ్చుకొనెను.

ఇన్‌స్టిట్యూటు చిహ్నమున గరుత్మంతుడున్నాడు. దానితోబాటు శ్రీ అరవిందులు సూచించిన కఠోపనిషద్వాక్యము, లోకము నిద్రించునపుడు మేల్కొనియుండువానిని గూర్చినది, వ్రాసియున్నది. మా నిర్ణేత ఆ ఆదేశమును అక్షరాలా శిరసావహించినవాడు. అర్ధరాత్రము దాటువఱకు వాని గదిలో వెలుగుండును. అప్పుడాతడు ఎక్సెల్ షీటులో గ్రంథముల పేర్లు నిలువుగను, గుణములు అడ్డముగను పేర్చి, వెల, పుటలు, ముద్రణ, ఉదాహరణలు, అమెండ్‌మెంట్లు అని గడులు గీసి, ఒక్కొక్కదానికి నూటికిన్ని మార్కులని వేయుచుండును. ప్రతి పేపరున నలుబది మార్కులును, గ్రూపు మొత్తముమీద సగమును వచ్చినగాని పరీక్షార్థి ఉత్తీర్ణుడు కాడు గదా. ఆ నిబంధననే ఈతడు గ్రంథకర్తలకును విధించినాడు. ఇంతవఱకు ఒక్క గ్రంథకర్తయు రెండు గ్రూపులును గట్టెక్కలేదు.

కర్మవశమున ఎన్నడైనను ఒక పుస్తకము నిలిచినను, ఫైనాన్స్ యాక్టు దానిని నిలువనీయదు. ఏటేట ఫిబ్రవరి 1న బడ్జెటు వచ్చును, ఆదాయపు పన్నులో కొన్ని సెక్షనులు పోవును, కొన్ని వచ్చును, జి.ఎస్.టి. రేట్లు కౌన్సిలు కూర్చున్నప్పుడెల్ల కదలును. తెలివిగలవాడు తన పరీక్షకు వర్తించు మార్పులను ఇన్‌స్టిట్యూటు ప్రకటించు కరపత్రమునుండి గ్రహించి, పాతపుస్తకపు అంచున పెన్సిలుతో వ్రాసికొని ముందుకు పోవును. మనవాడు “అమెండెడ్ ఎడిషన్ రానీ” అని కూర్చుండును. అది వచ్చునప్పటికి పరీక్ష పోవును. తరువాతి పరీక్ష వచ్చునప్పటికి ఎడిషన్ పాతబడును. పూర్వము ఏటికి రెండుమార్లే జరిగిన ఇంటర్మీడియేటు పరీక్ష 2024 నుండి మూడుమార్లు జరుగుచున్నది. తక్కినవారికి ఇది వ్రాయుటకు లభించిన మూడవ అవకాశము. వీనికి ఎంచుకొనుటకు లభించిన మూడవ అవకాశము.

తండ్రి మిర్చియార్డులో గుమాస్తాగా పనిచేసి విరమించిన పెద్దమనిషి. అటక చూచి ఒకనాడాయన ఉండబట్టలేక అడిగెను:

“ఒరేయ్, చిట్టా, ఆవర్జా అని రెండే పుస్తకాలతో ముప్పయ్యేళ్ళు లెక్కలు నడిపాను. నీకు ఇన్ని పుస్తకాలెందుకురా?”

“నాన్నా, అవి రాసే పుస్తకాలు. ఇవి చదివే పుస్తకాలు.”

“చదివేవే అయితే మరి చదవాలి కదరా!”

దీనికి నిర్ణేత యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. కాని మఱునాడు తల్లితో, నాన్నగారికి ఈ కాలపు సిలబస్ తెలియదని చెప్పెను. ఆ తండ్రి ఇప్పటికిని కుమారుని ఒక గోయింగ్ కన్సర్న్‌గానే ఎంచుచున్నాడు. ఆడిటరయినచో ఈపాటికి రిపోర్టులో ఒక పేరా వ్రాసియుండును. ఇక అటకమీది సరకు విలువ యెంతయని అడుగుదురా? సరకును కొన్న వెలలోను, అమ్మిన వచ్చు నికరపు సొమ్ములోను ఏది తక్కువో దానికే కట్టవలెనని రెండవ అకౌంటింగ్ స్టాండర్డు ఘోషించుచున్నది. పాతకాగితముల బండివాడు ఆ స్టాండర్డు పేరెఱుగడు గాని, తక్కెడ తీసి కిలోలలెక్కన దానిని ఎంత నిర్దాక్షిణ్యముగా అమలుపఱచునో చూచినవారికే తెలియును.

ఇంత వ్రాసి ఆతని సుగుణమును చెప్పకుండుట న్యాయము కాదు. బ్రాడీపేటలో కొత్తగా చేరిన ఏ కుఱ్ఱవాడు వచ్చి “అన్నా, ఏ పుస్తకం కొనమంటావు?” అని అడిగినను, విసుగు లేక, టీ తానే యిప్పించి, సలహా చెప్పును, ఆ సలహా నిర్దుష్టముగా నుండును. “ముందు ఇన్‌స్టిట్యూటు మెటీరియల్ పూర్తిగా చదువు. లెక్కల పేపర్లకు ప్రాక్టీసుకి ఒకే ఒక్క పుస్తకం పెట్టుకో, మధ్యలో మార్చకు. రివిజన్ టెస్ట్ పేపర్లు గడియారం పెట్టుకుని రాయి. లా పేపరు చదవడంతో సరిపెట్టకు, రాసి చూసుకో” అనును. ఇంతకు మించి తెలిసినవాడు చెప్పదగినదేమున్నది? కుఱ్ఱవాడు తలయూపి పోవును, చెప్పినట్లు చేయును, కొన్ని నెలలకు ఒక పేపరున అరువదికి పైగా తెచ్చుకొని ఎగ్జెంప్షన్ పొందియో, రెండు గ్రూపులును దాటి ఆర్టికల్స్ శిక్షణకు చేరియో, మిఠాయి పొట్లముతో తిరిగివచ్చును. “చూశారా, నేను చెప్పిన పుస్తకమే!” అని నిర్ణేత పదిమందికిని చూపి పొంగిపోవును. ఆ ఆనందమున ఈర్ష్య లేశమైనను నేను చూడలేదు.

ఇటీవల ఆతని ముఖము మఱింత వికసించినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము స్థానమున 536 సెక్షనులతో కొత్త చట్టము 2025లో వచ్చినది. 2026 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చునని తెలిసిననాడే అటకమీది పన్నుల పుస్తకములన్నియు బండికెక్కినవి. కొత్త చట్టముపై గ్రంథములు దుకాణములలో దిగినంతనే పోయి అన్నింటిని తిరగవేసి వచ్చెను గాని, ఒక్కటియు కొనలేదు. మొదటి ముద్రణలో అచ్చుతప్పులుండునట. రెండవది వచ్చువఱకు ఆగునట. అచ్చుతప్పుల మాట మాత్రము నిజమే.