ఒకే కంప్యూటర్‌లో నాలుగు కంపైలర్లు నిలుపుకునే విధానం

1. ముందు టర్బో సీ ఎక్కించండి. 16 బిట్ల డాస్ కాలపు సరుకు, మన 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవదు. కాబట్టి డాస్‌బాక్స్ కూడా ఎక్కించండి. సీనియర్ల ల్యాబ్ రికార్డు అందులోనే నడుస్తుంది మరి.

2. ఇంటర్వ్యూల కోసం జీసీసీ. రెండూ 1987లోనే వచ్చాయి. ఒకటి డాస్‌తోనే ఆగింది, రెండోది ఇప్పటికీ ఏటా కొత్త వెర్షన్‌తో వస్తోంది. 32767కు ఒకటి కలిపితే టర్బో సీ ఇంట్‌లో మైనస్ 32768 వస్తుంది, జీసీసీలో 32768. తప్పు మీ ప్రోగ్రాంలోనే ఉందని రాత్రంతా వెతకండి.

3. ఇక పాత్. జీసీసీ అనగానే విండోస్ పాత్‌లోని ఫోల్డర్లను వరసగా చూసి, మొదట దొరికినదాన్ని నడిపిస్తుంది. కొత్తదా, పాతదా అని అడగదు. చొప్పదండిలో కరీంనగర్ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసినోడిదే సీటు. అందుకే కొత్త వెర్షన్ దించిన ప్రతిసారీ దాని ఫోల్డర్‌ను చివర్నే తగిలించండి. యూజర్ పాత్‌లో అయితే మరీ మేలు, సిస్టమ్ పాత్ అంతా అయ్యాకే దాని వంతు. వెర్షన్ అడిగితే పాతదే పలుకుతుంది. దించింది సరిగా దిగలేదనుకుని మళ్ళీ దించండి. 'వేర్ జీసీసీ' అని కొడితే ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో వరసగా చూపిస్తుంది. అంత తొందరేముంది?

4. పాత్‌ను సెట్‌ఎక్స్ కమాండ్‌తో మార్చండి. 1024 అక్షరాలు దాటితే హెచ్చరించి మరీ తోక కోస్తుంది.

5. మార్చాక, ముందే తెరిచి ఉన్న నల్ల విండోలోనే పరీక్షించండి. దానికి పాత సంగతులే తెలుసు.

6. జావా హోమ్‌ను జావా 8కి, పాత్‌ను 17కి చూపించండి. జావా హోమ్‌ను నమ్మే మేవెన్‌ది ఒక దారి, మీది ఒక దారి.

నిజానికి మందు తెలియక కాదు. ఒక్కో కంపైలర్‌కు ఒక చిన్న బ్యాచ్ ఫైలు రాసుకుంటే, పాత్ ఆ విండో వరకే మారి, మూయగానే పోతుంది. విజువల్ స్టూడియో వాళ్ళ కమాండ్ ప్రాంప్ట్ చేసేదీ అదే. అయినా రాసుకోం. ఏ ఫోల్డర్ దేనికోసం పెట్టామో మనకే గుర్తుండదు, తీస్తే ఏది ఆగుతుందోనని భయం. నడుస్తున్నంతసేపు ముట్టుకోం.

7. అన్నీ ఆగిపోతే షాపులో ఫార్మాట్ కొట్టించండి. "పాతయన్నీ మల్ల ఎక్కియ్యాల్నా తమ్మీ?" అంటాడు.

"ఎక్కియ్యన్నా, ఎందుకైనా మంచిది" అనండి.