వెయ్యి ల్యూమెన్ల అల్లుడు

టెక్సస్ అల్లుడికి పిస్తోలు ఉంది, దానికి బిగించే లైటు లేదు. మలేషియాలో కువాలా సెలంగోర్ బావమరిదికి పిస్తోలు లేదు, వచ్చే యోగమూ లేదు. లైట్ల గురించి మాత్రం అతనికి తెలియనిది లేదు. ఇద్దర్నీ తెచ్చి ఒకే పడవలో కూర్చోబెట్టింది మామగారే. కంపుంగ్ కువాంతాన్ రేవులో సంపాన్‌కి నలుగురే లెక్క. అత్తగారూ అమ్మాయీ వెనక పడవ ఎక్కి బతికిపోయారు. ఈ పడవకి అల్లుడు, బావమరిది, కోర్టు గుమాస్తాగా రిటైరైన మామగారు, ఎనభై దాటిన నాయనమ్మ మిగిలారు. తెడ్డు వేసేది ఒక మలయ్ పెద్దాయన. ఊరందరికీ ఆయన పాక్‌చిక్.

ఆ నది ఒడ్డున బెరెంబాంగ్ చెట్లున్నాయి. చీకటి పడగానే వాటి మీద మిణుగురులు కూడబలుక్కున్నట్టు ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరతాయి, సెకనుకి సుమారు మూడుసార్లు. ఇలా జట్టుగా మెరిసే పురుగులు ప్రపంచంలో కొద్ది చోట్లే ఉన్నాయి గనక దేశదేశాల జనం వచ్చి చూసిపోతారు. ఫ్లాష్ కొట్టకూడదు, టార్చి వెయ్యకూడదు అని టిక్కెట్ల దగ్గరే చెబుతారు. చెప్పింది విన్నారు, పడవెక్కారు, రేవు దాటకుండానే లైట్ల సంగతి ఎత్తారు.

"వెయ్యి ల్యూమెన్లకి తగ్గకూడదు అనుకుంటున్నానోయ్," అన్నాడు అల్లుడు. "షాపులో కూడా అదే చెప్పారు."

"షాపువాడు అలాగే చెబుతాడు లా!" అన్నాడు బావమరిది. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి ఆవేశం వస్తే అతని తెలుగుకి చివర ఆ 'లా' తగులుకుంటుంది. "ల్యూమెన్ అంటే లైటులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తుందో ఆ లెక్క బావా. ఆ వెలుగు ఎటు పోతుందో అది చెప్పదు. గదంతా పరుచుకోవచ్చు, ఒక్క చోటే గుచ్చుకోవచ్చు. గుచ్చుకునే బలాన్ని కాండెలాల్లో కొలుస్తారు. ష్యూర్‌ఫైర్ ఎక్స్300 అల్ట్రా వెయ్యి ల్యూమెన్లు, 11,300 కాండెలా. అదే కంపెనీ టర్బో మోడల్ 650 ల్యూమెన్లే, కానీ 66,000 కాండెలా. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి కొనేవాళ్లు మొదటిదే కొంటారు. మీరు కొనలేదుగా?"

అల్లుడు మాట్లాడలేదు. ఆర్డరు పెట్టేసినవాడి మౌనం అది.

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్, ఇలాంటివి ఈ దేశంలో నోటితో అనొచ్చా? 1960 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంటే ఏడేళ్ల దాకా జైలు. 1971 చట్టం కిందికి వస్తే పద్నాలుగేళ్ల దాకా, ఆరుకి తగ్గకుండా బెత్తం దెబ్బలు. దోపిడీ లాంటి నేరం చేస్తూ కాల్చాడా, 2023 దాకా తప్పనిసరి ఉరి. ఇప్పుడు జడ్జిగారి చేతిలో ఉంది. చూడ్డానికి తుపాకీలా ఉన్న బొమ్మ దొరికినా ఏడాది జైలో, 5,000 రింగిట్‌ల జరిమానానో, రెండూనో."

"నేనంటున్నది లైటు గురించి నాన్నా. లైటుకి చట్టం లేదు."

"లైటుకి లేదురా. దాని కింద ఏముందని అడుగుతాడు ఇన్‌స్పెక్టరు."

బావమరిది లాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, కారు లేకుండా మైలేజీ చెప్పే బాపతు. ఇతనికి బొమ్మ తుపాకీతో ఆడుకునే వీలు కూడా ఈ దేశపు చట్టం ఇవ్వలేదు. దాంతో పరిజ్ఞానమంతా ఏ మరకా అంటకుండా కాగితం మీదే పెరిగింది. తుపాకీ కింద లైటు బిగించే పళ్ల పట్టీని పికటిన్నీ రెయిల్ అంటారనీ, అమెరికా సైన్యం దానికి ఒకే కొలత ఖాయం చేసింది 1995లోననీ, అంతకు ముందు ఎవరి తిప్పలు వాళ్లు పడేవాళ్లనీ చెబుతాడు. 1980 మే 5న లండన్‌లో ఇరాన్ రాయబార కార్యాలయంలోకి దూకిన బ్రిటిష్ కమాండోల తుపాకులకి లావుపాటి మామూలు టార్చీలే బిగించి ఉన్నాయని ఫొటోలు చూసి కనిపెట్టాడు. ఇందులో తప్పేమీ లేదు. అల్లుడి సంగతే వేరు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేకుండానే పిస్తోలు నడుముకి పెట్టుకుని తిరగొచ్చు గనక, తెలుసుకోవాల్సిన అవసరమే అతనికి రాలేదు.

"పర్మిట్ కూడా అక్కర్లేదా?" మామగారు రెండుసార్లు అడిగారు. నలభై ఏళ్లు ఫారాలు నింపించిన మనిషికి ఆ మాట మింగుడుపడలేదు.

"సరే బావా, ఈ లైటు దేనికి? నడుముకి పెట్టుకునే పిస్తోలుకా, మంచం పక్కన పెట్టుకునేదానికా, పొట్టి రైఫిల్ కార్బైన్‌కా?"

అల్లుడు వెనక పడవ ఎంత దూరంలో ఉందో చూసుకుని గొంతు తగ్గించాడు. "కార్బైన్ కూడా ఒకటుంది. మీ అక్కకి చెప్పకు."

"అయితే రెండు లైట్లు కావాలి. మీ హాలు పొడవెంత?"

"ఎనిమిది మీటర్లుంటుంది. గోడలన్నీ తెలుపే."

"దూరాన్ని దూరంతో హెచ్చవేసి ఆ వచ్చినదాంతో కాండెలాని భాగించాలి. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-7ఏ 5,000 కాండెలా. భాగిస్తే అక్కడ పడే వెలుగు 78 లక్స్. రాత్రిపూట హాల్లో దీపం వేసుకున్నంత వెలుగు. ఎదుటివాడి చేతిలో ఉన్నది ఫోనా కత్తా అని పోల్చుకోడానికి చాలు. అదే 66,000 అయితే వెయ్యి లక్స్ దాటుతుంది. తెల్లగోడకి కొట్టుకుని తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. దొంగ కంటే ముందు మీకే కళ్లు పోతాయి."

"మరి 66,000 ఎందుకు తయారు చేశారు?"

"కార్బైన్ కోసం, ఆరుబయట కోసం. వంద మీటర్ల అవతల 11,300 కాండెలా లైటు ఒక్క లక్స్ పైచిలుకు ఇస్తుంది. 66,000ది ఆరున్నర. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ అని లెక్క. మీకు వంద మీటర్ల పెరడుందా?"

"ఫ్రిస్కోలో ఎవరికుంటుందోయ్! కంచె దాటితే పక్కింటి రెడ్డిగారి గ్రిల్లు."

"అయితే మీరు వెలిగించేది రెడ్డిగారినే," అన్నారు మామగారు.

పాక్‌చిక్ తెడ్డు ఆపి ఒక చెట్టు కింద పడవ నిలిపాడు. కొమ్మకొమ్మకీ మెరుపు. మనుషులు రెండు నిమిషాలు నోరు మూసుకున్నారు. ఇంతసేపటి ప్రయాణంలో అదే రికార్డు.

"మెరిసేవి ఎక్కువగా మగవి," అన్నాడు పాక్‌చిక్ మలయ్‌లో. "ఆడది ఎక్కడో ఆకు మీద కూర్చుని చూస్తుంది. నచ్చినవాడికి బదులు మెరుపు ఇస్తుంది. పైనుంచి మన దీపం పడిందా, దానికి ఏమీ కనిపించదు. ఆ రాత్రికి జత కుదరదు."

"పురుగు ఎంతుంటుంది?" అల్లుడి ప్రశ్న.

"బియ్యపు గింజంత. ఆరు మిల్లీమీటర్లు."

"ఎన్ని ల్యూమెన్లు?"

బావమరిది తడబడటం ఇంట్లోవాళ్లు చూసింది అప్పుడే. ప్రశ్నని మలయ్‌లోకి మార్చి పాక్‌చిక్‌ని అడిగాడు. పాక్‌చిక్ కాసేపు ఆలోచించి, ఆ సంగతి ఆడపురుగుని అడగాలన్నాడు.

నాయనమ్మ నవ్వింది. "మగాళ్లందరూ ఒక చెట్టెక్కి నాది పెద్దదంటే నాది పెద్దదని మెరవడమేనా? దీనికి నన్ను పడవెక్కించాలా, ఇంట్లో కూర్చున్నా కనిపిస్తుందిగా."

ఇక్కడ అల్లుడికి పౌరుషం వచ్చింది. పిస్తోలు టెక్సస్‌లో ఉన్నా, అదే వెయ్యి ల్యూమెన్ల చేతి టార్చి జేబులో ఉంది. వెలిగించే ఉద్దేశం లేదట, బరువు ఎంత తక్కువో చూపిద్దామని తీశాడట. ఆ టార్చికి వెనక ఒకే బొత్తం. ఒకసారి నొక్కితే వెలుగుతుంది, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే శత్రువు కళ్లు చెదిరేలా టపటపా కొట్టుకుంటుంది. చీకట్లో బొటనవేలు బొత్తం మీద పడింది. ఒడ్డునున్న నీపా చెట్ల మట్టలన్నీ పట్టపగల్లా తెల్లబడ్డాయి. ఆర్పబోయి కంగారులో రెండుసార్లు నొక్కాడు. టపటపలాడే వెలుగు ఒడ్డు మీది నుంచి నీళ్ల మీదికీ, నీళ్ల మీది నుంచి పక్క పడవలో ఎవరో తైవాన్ దంపతుల మీదికీ వెళ్లి, చివరికి మామగారి ముఖం మీద స్థిరపడింది. మామగారు రెండు చేతులూ పైకెత్తేశారు. అది కోర్టు అలవాటో భయమో చెప్పలేం.

టార్చి ఎట్టకేలకు ఆరింది. ఎవరికీ ఏమీ కనిపించలేదు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. పోగొట్టుకోడానికి అరక్షణం చాలు. మిణుగురులు ఉన్నాయో ఆరిపోయాయో తెలియదు. పాక్‌చిక్ ఏమీ అనలేదు. తైవాన్ వాళ్లు ఏదో అన్నారు, అర్థం కాకపోవడమే నయం.

"నాయనా," అంది నాయనమ్మ చీకట్లోంచి, "దాని కింద ఇప్పుడు నీ పిస్తోలుంటే?"

అల్లుడు జవాబు చెప్పలేదు. బావమరిది చెప్పాడు, ఈసారి 'లా' లేకుండా. "గొట్టం నాన్న ముఖం మీద ఉండేది నాయనమ్మా. తుపాకీకి బిగించిన లైటుతో వచ్చే చిక్కే అది. వెలుగెక్కడ పడితే గొట్టమూ అక్కడికే తిరుగుతుంది. పైగా స్విచ్చి వేలికి దగ్గర్లోనే ఉంటుంది. 2010లో ప్లేనోలో ఒక పోలీసు అధికారి పిస్తోలు లైటు వెలిగించబోయి ట్రిగ్గర్ నొక్కానని చెప్పాడు. ఎదుటి మనిషి చనిపోయాడు. ప్లేనో అంటే బావగారి పక్క ఊరే."

"మా ఆఫీసు అక్కడే," అన్నాడు అల్లుడు. అతని గొంతులో టెక్సస్ కాస్త తగ్గింది.

"ఎమర్జెన్సీ రోజుల్లో మా లయిన్ల చుట్టూ ముళ్లకంచె వేశారు," అంది నాయనమ్మ. 1948 నుంచి 1960 దాకా ఎస్టేట్లలో సాగిన కమ్యూనిస్టుల వేట సంగతి అది. అప్పటికి ఆమె బతాంగ్ బెర్జుంతాయ్ వైపు ఒక ఎస్టేటులో చిన్నపిల్ల. "చీకటి పడితే గడప దాటకూడదు. కాపలావాళ్ల లైటు మన మీద పడిందంటే తుపాకీ కూడా మన మీదే ఉన్నట్టు, కదలకుండా నిలబడు అని మా అయ్య చెప్పేవాడు. పెద్దయ్యాక తెల్లారగట్ల రబ్బరు గీయడానికి పోయేదాన్ని. ఎండెక్కితే పాలు సరిగా కారవు. నుదుటికి కార్బైడ్ దీపం. పైన నీళ్లు, కింద రాయి. చుక్క పడితే గ్యాసు, గ్యాసుకి మంట, వెల్లుల్లి కంపు. తల ఎటు తిరిగితే వెలుగు అటు. కత్తి మాత్రం చెట్టు మీదే. చూసేదాన్నీ కోసేదాన్నీ ఒకే కర్రకి కట్టాలని మాకెవరికీ తోచలేదు."

బావమరిదికి ఈ మాట నచ్చలేదు, ఎందుకంటే తను చివర్లో చెబుదామనుకున్నది అదే. "నేనూ అదే అంటున్నాను. వెతకడానికి చేతి టార్చి. కాల్చాల్సి రావచ్చు అని తేలాకే తుపాకీ లైటు. బిగించే లైటుకి బొత్తం నొక్కినంతసేపే వెలిగి, వదిలితే ఆరేలా ఉండాలి. ఆ టపటపలు అసలు వద్దు. కార్బైన్‌కైతే ముందు చెయ్యి పట్టుకునే చోటికే స్విచ్చి అందాలి, గొట్టం నీడ వెలుగులో పడకూడదు. లైటు మార్చారంటే పిస్తోలు పెట్టుకునే హోల్‌స్టర్ కూడా మార్చాలి. చాలామంది లైటు కొన్నాక ఆ సంగతి తెలుసుకుంటారు."

"హోల్‌స్టర్ కూడానా?" ఇది అల్లుడికి అన్నిటికంటే పెద్ద దెబ్బ. పాత హోల్‌స్టర్ మీద పేరు చెక్కించుకున్నాడట.

"ఇంకోటి. వెయ్యి ల్యూమెన్లని రాసినవి చాలావరకు కొన్ని నిమిషాలకే వేడెక్కి తగ్గిపోతాయి. బ్యాటరీ—"

"చాల్లేరా," అన్నారు మామగారు. "అల్లుడుగారూ, ఆ ఆర్డరు రద్దు చేసుకునే వీలుందా?"

"మొత్తం వాపసు ఇవ్వరు మామయ్యగారూ. పదిహేను శాతం కోసుకుంటారు."

"లిఖితపూర్వకంగా అడగండి. నేను రాసిస్తాను."

రేవుకి చేరేసరికి అందరి కళ్లూ కుదుటపడ్డాయి. పాక్‌చిక్ నాయనమ్మకి చెయ్యిచ్చి దింపి, అల్లుడితో మాత్రం మళ్లీ వచ్చేటప్పుడు జేబులు ఖాళీ చేసి రమ్మన్నాడు. వెనక పడవలోంచి దిగిన అమ్మాయి, మధ్యలో ఏదో మెరుపు మెరిసింది, వాన వస్తుందా అని అడిగింది. వస్తుందేమోనని నలుగురూ ఏకగ్రీవంగా చెప్పారు. పాసిర్ పెనంబాంగ్‌లో పీతల భోజనానికి కారెక్కారు.

పీతల పళ్లెం వచ్చేలోపు మర్నాటి కార్యక్రమం తేల్చే పని మామగారు తీసుకున్నారు. "పొద్దున్నే బుకిట్ మలావతి ఎక్కుదాం. 1784లో డచ్చివాళ్లు ఆ కోటని పట్టుకుని ఆల్టింగ్స్‌బర్గ్ అని పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడే సుల్తాన్ ఇబ్రహీం తిరిగి లాక్కున్నాడు. పైన 1907లో కట్టిన దీపస్తంభం కూడా ఉంది."

"ఎంత కాండెలా?" అన్నాడు అల్లుడు. ల్యూమెన్లు అడగలేదని బావమరిది గమనించి గర్వపడ్డాడు.

"అది సర్కారు దీపమండీ, మనం అడగకూడదు. ఫిరంగులున్నాయి, వాటి దగ్గర ఫొటోలు తీసుకోవచ్చు. దానికి చట్టం అడ్డు రాదు."

"ఫిరంగులా?" అల్లుడు కుర్చీ ముందుకి జరిపాడు.

"ఆశ పెట్టుకోకండి బావా," అన్నాడు బావమరిది, పీత డెక్క విరుస్తూ. "వాటికి రెయిల్ లేదు."