ఇళ్ళ బొమ్మల ఇల్లు

నన్ను కట్టించినవాడు కలప వర్తకుడు. నాకు మాత్రం ఇనుప స్తంభాలు, అద్దాల పైకప్పు! పారిస్‌లో, సేన్ నదికి దగ్గర్లోని మోర్లాన్ వీధిలో 1878లో నా పని మొదలైంది. ఆయన పేరు బోర్నిష్. కలప అమ్మగా వచ్చిన డబ్బుతో చిత్రాలు కొనేవాడు, తీరిక దొరికితే తనూ కుంచె పట్టేవాడు. రెండు వేల దాకా పోగైన ఆ చిత్రాలను జనానికి చూపించాలని ఆయన కోరిక. మరుసటి ఏడాదికి నేను సిద్ధం. కోరికే తీరలేదు. పెళ్ళి తప్పిపోయిన ఇంట్లో పందిరి ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డాను.

తర్వాతి నూరేళ్ళలో చెప్పుకోదగ్గది తక్కువ. కొన్నాళ్ళు కార్ఖానాను, కొన్నాళ్ళు ఊరి పాత దస్తావేజులకు కొట్టును. ఈ పేటలో ఒకప్పుడు రాజుల ఆయుధాగారం ఉండేది. అందుకే నన్ను ఆర్సెనాల్ పెవిలియన్ అంటారు. నేను ఒక్క తుపాకీనీ ఎరగను.

1988లో నన్ను బాగుచేసి, పారిస్ కట్టడాలనూ నగర ప్రణాళికలనూ ప్రజలకు చూపే కేంద్రంగా తెరిచారు. టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. 2011లో 48 తెరలు కలిపి నగరం మొత్తాన్నీ నా నేల మీద పరిచారు. అంత ఊరు కళ్ళ ముందుంటే జనం వెతుక్కునేది తమ ఇంటినే!

నా తగవల్లా ఆర్కిటెక్టుల బొమ్మలతోనే. వాటిలో ఎప్పుడూ ఎండే. చెట్లు నాటిన రోజే ఏపుగా పెరిగి ఉంటాయి. నా అద్దాల మీద వాన టపటపా కొడుతుంటే కింద గోడల మీద నీలాకాశం.

ఎక్కడ ఏం కట్టాలో చెప్పమని నగరం పెట్టిన పెద్ద పోటీ బొమ్మలు 2016లో నా దగ్గరికే వచ్చాయి. 23 స్థలాలు, ఒక్కోదానికి ఎన్నో ఊహలు. వాటిలో ఒకటి మా వీధి 17వ నంబరు. నాది 21. అక్కడున్నది 1960ల నాటి ప్రభుత్వ కార్యాలయం, ఎత్తు యాభై మీటర్లు. దాన్ని కూల్చకుండానే ఇళ్ళు, హోటల్, పసిపిల్లల కేంద్రం, మిద్దె మీద సాగు, అన్నీ కలిపి గీశారు డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ బృందంవారు. పొరుగింటి జాతకం నా గోడ మీదే వేలాడిందన్నమాట.

2022లో ఆ పొరుగిల్లు తలుపులు తెరిచింది. మిద్దె మీద మడులు ఎలా ఉన్నాయో నాకు కనబడదు, అది నాకంటే చాలా ఎత్తు. ఇప్పుడు దాని మీద కూడా వాన పడుతోంది.