తెల్లపూల వేదాంతం

రుషికొండలో సాయంత్రం నడకకి బయల్దేరితే నాకో పాఠం తప్పదు. ఉక్కునగరంలో రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్న పక్కింటి పెద్దాయన గేటు దగ్గరే కాపుకాస్తారు. "వయసులో ఎర్రమందారం, ముద్దబంతి అని ఎగబడతామండీ. పండేకొద్దీ తెలుపు చాలనిపిస్తుంది" అంటారు నందివర్ధనం కొమ్మ నిమురుతూ. నా కుండీల్లో బంతి ఇంకా విరగబూస్తోంది కాబట్టి అరవై దాటినా నాకు బుద్ధి రాలేదన్నమాట.

ఆయనకి జ్ఞానోదయం ఎలా అయిందో గోడకివతల నుంచి చూసినవాణ్ణి. మొదట కడియం నుంచి గులాబీలు దిగాయి. ఒక్క వేసవికి ఉప్పుగాలి ఆకుల అంచులన్నీ కాఫీపొడి రంగుకి మాడ్చేసింది. తర్వాత చేమంతులు. వాటికి రోజూ వంగి తలలు తుంచాలి. డాక్టరు మోకాళ్లు చూసి వంగొద్దన్న నెలలోనే చేమంతి ఆయన కంటికి మోటైపోయింది. నందివర్ధనమైతే నిలబడే కోసుకోవచ్చు. ఆ మాటకొస్తే నా బంతి బతికిందీ కుండీలు మేడమెట్ల మీదున్నాయి గనకే.

ఇక కళ్లు. వయసు మీదపడితే కంటిలోని లెన్సు పసుపెక్కి నీలాన్ని, ఊదాని మింగేస్తుంది. "వెలిసిపోయిన రంగండీ" అని ఆయన శంఖుపువ్వు తీగని పీకించేశారు. వెలిసింది పువ్వు కాదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే శుక్లాలు ముదిరాక తన తోటని ఎరుపుల్లో, గోధుమరంగుల్లో ముంచేశాడు. 1923లో ఆపరేషనయ్యేదాకా కళ్లనే తిట్టుకున్నాడు తప్ప, పాపం, దాన్ని పరిణతి అనుకోలేదు.

తెలుపే జ్ఞానమైతే విశాఖంత జ్ఞాని లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చెట్లని కూల్చాక రోడ్ల పక్కన ఏడాకుల పాల చెట్టుని విరివిగా నాటారు. అది తెల్లగా పూసే రాత్రుళ్లు ఆ ఘాటుకి జనం కిటికీలు మూసుకుంటున్నారు. ఆకుపచ్చ ఒక్కటే చాలనే రుచికి మా రుషికొండే సాక్షి. తవ్విన ఎర్రగాటు మీద పచ్చటి మ్యాటు కప్పారు. నీళ్లడగని తోట!

మొన్న పెద్దాయనకి శుక్లం తీశారు. నల్లకళ్లజోడుతో గోడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"ఆ నీలం శంఖుపువ్వు గింజలేమైనా దాచారా? మా ఆవిడ అడుగుతోంది."

నాలుగు గింజలు చేతిలో పోశాను.

"తీగ కదండీ, పైకే పాకుతుంది" అన్నారు, మోకాలు పట్టుకుని వెనక్కి తిరుగుతూ.